నూట పద్దెనిమిదో గింజ

ఫెరిన్ ద్వీపం, మెయిన్
ఏప్రిల్ 6, 2025

దేవకుమారి వదిన గారికి,

ప్రభువు నామంలో వందనాలు.

మార్చి పదకొండు, మంగళవారం. మీ చెల్లెలు ఆరింటికి లేచింది. కాఫీ తనే పెట్టింది. బైబిల్ చదువుకుంది. మందులు వేసుకుంది. వంటగది గోడకి మందుల పట్టీ ఉంటుంది. ఆమె వేసుకున్నాక నేను టిక్కు పెట్టి, సరిచూసుకున్నట్టు పక్కన చుక్క పెడతాను. ఆ రోజూ పెట్టాను.

ఎనిమిదింటికి క్లినిక్‌కి వెళ్ళింది. ముగ్గురే పేషెంట్లు వచ్చారట. పదకొండింటికి ఇంటికొచ్చి, ముందురోజు వండిన చేపల పులుసు స్టీలు డబ్బాలో పోసుకుని మెరిల్ ఇంటికి వెళ్ళింది. మెరిల్ లాబ్‌స్టర్లు పట్టే ముసలాయన. రేవు చివర ఒంటరిగా ఉంటాడు. నవంబరు నుంచి ప్రతి మంగళవారం ఆమె ఆయనకి ఏదో ఒకటి పట్టుకెళ్ళేది.

పన్నెండున్నరకి తిరిగి వచ్చింది. కోటు విప్పకుండా కుర్చీలో కూర్చుంది. "ఏమండీ, కాసిని మంచినీళ్ళు" అంది. సగం గ్లాసు తాగింది. ఎడమ చెయ్యి లాగుతోందని చెప్పింది. ఇరవై రెండేళ్ళు నర్సు, పధ్నాలుగేళ్ళు ఈ ద్వీపానికి డాక్టరంత పని చేసిన మనిషి. ఏం జరుగుతోందో నాకంటే ముందు ఆమెకి తెలిసింది. ఆస్పిరిన్ నమిలింది. "హెలికాప్టర్‌కి ఫోన్ చెయ్యండి" అంది, కూరలో ఉప్పు చూడమన్నట్టు.

చేశాను. పొగమంచు వల్ల హెలికాప్టర్ దిగలేదు. మెరిల్ తన పడవ తీశాడు. ఇద్దరం ఆమెని కుర్చీతో సహా మోసుకెళ్ళాం. అవతలి ఒడ్డుకి యాభై నిమిషాలు. ముప్ఫయ్యో నిమిషంలో ఊపిరి ఆగింది. మెరిల్ ఇంజన్ ఆపలేదు. ఒడ్డున అంబులెన్సు వాళ్ళు ఇరవై నిమిషాలు ప్రయత్నించారు. రెండు గంటల నలభై నిమిషాలకి చాలన్నారు.

చివరి మాట ఏమిటని అడిగారు. పడవలో నా చెయ్యి పట్టుకుని, "మీరేమైనా చెప్తారా?" అంది. ప్రార్థన చెయ్యమంటోంది అనుకుని ఆమెకి ఇష్టమైన కీర్తన చెప్పాను. సగంలో కళ్ళు మూసుకుంది.

మోకాలి ఆపరేషన్ వల్ల మీరు రాలేకపోయారు. జూమ్‌లో సమాధి కార్యక్రమం సరిగ్గా కనబడలేదన్నారు. గాలి ఎక్కువగా ఉంది. అక్కడ కూడా పెద్దగా ఏమీ కనబడలేదు.

ఫోన్‌లో నేను మాట్లాడలేను. అందుకే రాశాను.

మీ మరిది,
రత్నరాజు

*

క్యారీ, నార్త్ కరోలినా
ఏప్రిల్ 19

రాజు గారికి వందనాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి ఫెబీ చదివి వినిపించింది. నా కూతురి తెలుగు మీకు తెలుసుగా, "ఊపిరి ఆగింది" దగ్గర ఆగి, "మమ్మీ, దిస్ వర్డ్ నేను చదవను" అని కాగితం నా ఒళ్ళో పెట్టేసి లేచిపోయింది. చదవడం రాక కాదు.

మా తెలుగు చర్చిలో పోయిన ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. పాస్టరు గారు పర్సిస్‌ని "ఎన్నికల్లో నిలబడ్డ మన సహోదరి" అన్నారు. నిలబడడం ఏంటి, గెలవాల్సింది! రాష్ట్ర అసెంబ్లీకి మన పిల్ల, భీమవరం పిల్ల, నాలుగు ద్వీపాలూ రెండు చేపల ఊళ్ళూ తిరిగి, ఆ చలిలో తలుపు తలుపూ తట్టి, ఒక్క ఓటు తేడాతో పోయింది. ఒక్కటంటే ఒక్కటి!

నవంబరులో దానితో ఫోన్‌లో పోట్లాడాను. "రీకౌంట్ అడగవే, ఒక్క ఓటుకి ఎవరైనా అడుగుతారు" అన్నాను. "అక్కా, లెక్క సరిగ్గానే ఉంది" అంది. అలా అని నీకెలా తెలుసే అంటే నవ్వి, గిన్నె మాడుతోందని ఫోన్ పెట్టేసింది. అది ఎప్పుడైనా గిన్నె మాడ్చిందా?

మీకు తెలిసే ఉంటుంది. ఎందుకు వద్దంది?

ఇంకోటి. ఈ మెరిల్ అనే ఆయనే మాట తప్పి దానికి ఓటు వెయ్యలేదని ద్వీపమంతా అంటోందని పర్సిస్ అప్పట్లో చెప్పింది. మరి ఆయనకే వారం వారం పులుసు ఏంటి? శత్రువుని ప్రేమించడం సరే, పండుగప్పుడు ఒకసారి ప్రేమిస్తే సరిపోదా?

వేళకి తినండి. ఆవకాయ పార్సెల్ పంపాను. సీసా పగిలితే నాకు చెప్పకండి.

దేవకుమారి

*

ఫెరిన్ ద్వీపం
మే 18

వదిన గారికి,

ఆవకాయ అందింది. సీసా పగల్లేదు.

మెరిల్ గురించి అడిగారు. అది అర్థం కావాలంటే ఇక్కడి ఆనవాయితీ ఒకటి చెప్పాలి.

ఎన్నికలకి ముందు శనివారం చర్చి హాల్లో ద్వీపమంతా కలిసి భోంచేస్తుంది. ఉడికించిన బీన్స్, బ్రౌన్ బ్రెడ్, యాపిల్ పై. లోపలికి వెళ్ళేటప్పుడు ప్రతి ఓటరు చేతిలో ఒక ఎండు గింజ పెడతారు. బల్ల మీద రెండు గాజు సీసాలుంటాయి, వాటి మీద అభ్యర్థుల పేర్లు. భోజనం అయ్యాక ఒక్కొక్కరూ లేచి అందరి ముందూ తన గింజ వేస్తారు. మంచాన ఉన్నవాళ్ళ గింజ ఇంటివాళ్ళు వేస్తారు. తాతల నాటి నుంచీ ఇదే పద్ధతట. ఎవరికి వేసినా తప్పు లేదు. ముఖాన ఒకటి చెప్పి వెనకాల ఇంకోటి చెయ్యకూడదు, అంతే.

పోయిన నవంబరు రెండున పర్సిస్ సీసాలో నూట పద్దెనిమిది గింజలు పడ్డాయి. పక్క ద్వీపం నుంచి నిలబడ్డ ప్రెంటిస్ గారి సీసాలో తొంభై నాలుగు. ఆ తొంభై నాలుగు మందీ మర్నాడు చర్చిలో పర్సిస్ పక్కనే కూర్చుని పాటలు పాడారు.

మంగళవారం ఓట్లు లెక్కపెడితే ఇక్కడ నూట పదిహేడు, తొంభై ఐదు వచ్చాయి. ఓటు వేసినవాళ్ళు ఆ రెండు వందల పన్నెండు మందే. అంటే గింజ ఒక సీసాలో వేసి ఓటు ఇంకోచోట వేసినవాళ్ళు ఒక్కరు. రాత్రికి మిగతా ఊళ్ళవి కలిపితే పర్సిస్ ఒక్క ఓటుతో ఓడింది. ఆ ఒక్కరు మారకపోతే ఒక్క ఓటుతో గెలిచేది.

మెరిల్‌కి ఆమెతో ఎన్నికల ముందు ఫెర్రీలో గొడవైంది. బుధవారం పడవలో పేషెంట్లకి ముందు చోటివ్వాలని ఆమె అంది. తన లాబ్‌స్టర్ల పెట్టెలు ఎండలో చావాలా అని ఆయన అరిచాడు. విందులో మాత్రం గింజ ఆమె సీసాలోనే వేశాడు. "ఈవిడ మాట నాకు గిట్టదు. కానీ నా బీపీ ఎంతో ఈవిడకే తెలుసు, భయం" అన్నాడు. అందరూ నవ్వారు. లెక్క వచ్చాక ఆ నవ్వు ఎవరికీ గుర్తు లేదు, గొడవే గుర్తుంది.

ఓటు మార్చింది తను కాదని ఆయన ఒకసారి అన్నాడు. రెండోసారి అనలేదు. ఇప్పుడు ఆయన పడవ ఒడ్డుకి లాగడానికి ఎవరూ రారు. కొట్లో ఆయన వస్తే మాటలు ఆగిపోతాయి. చర్చికి రావడం మానేశాడు. ఇల్లు అమ్మకానికి పెట్టాడని విన్నాను. పుట్టింది ఆ ఇంట్లోనే. డెబ్భై ఒక్కేళ్ళు.

చివరి రోజు పర్సిస్ పులుసు తీసుకెళ్ళిన డబ్బా ఆయన దగ్గరే ఉంది. ఇవ్వడానికి రెండుసార్లు వచ్చాడు. నేను తలుపు తియ్యలేదు.

రీకౌంట్ ఎందుకు వద్దందో నాకు తెలియదు.

రత్నరాజు

*

క్యారీ
జూన్ 8

రాజు గారికి,

మీ ఉత్తరం బల్ల మీద పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, మీరు జవాబు పత్రాలు దిద్దినట్టు దిద్దాను. నూట పద్దెనిమిది పక్కన చుక్క ఉంది. తొంభై నాలుగు పక్కన ఉంది. డెబ్భై ఒక్కేళ్ళ పక్కన కూడా ఉంది. మా ఇంట్లో మీ చుక్కకి పేరే ఉండేది. "రాజుగారి ఆవగింజ పడిందా, అయితే ఇక లెక్కకి తిరుగులేదు" అనేవారు మా నాన్న. మాటల పక్కన మీరు చుక్క పెట్టరని తెలుసు. అయినా "నాకు తెలియదు" పక్కన వెతికాను.

భీమవరం కాలేజీలో మా తమ్ముడికి ముప్ఫై నాలుగు మార్కులు వేసి ఫెయిల్ చేశారు మీరు. అప్పటికి పర్సిస్‌తో మీ పెళ్ళి కుదిరి పది రోజులు. మా అమ్మ మీ ఇంటికొచ్చి ఏడ్చింది, ఒక్క మార్కు కలపండి బాబూ అని. "ఒక్క మార్కు కలిపితే మిగతా వాటికి విలువుండదు అత్తయ్య గారూ" అన్నారట. ఇలాంటి వాడితో ఎలా వేగుతావే అని అడిగితే పర్సిస్ ఏమందో తెలుసా? "అక్కా, ఈయన నాతో అబద్ధం చెప్పడు. అది చాలు" అంది.

నేను మిమ్మల్ని నిలదియ్యడం లేదు. మీరు దుఃఖంలో ఉన్నారు, నేనూ ఉన్నాను. కానీ తలుపు తియ్యలేదని రాశారే, అది నన్ను పట్టుకుంది. పడవ నడిపి, కుర్చీ మోసిన మనిషి డబ్బా ఇవ్వడానికి వస్తే తలుపు తియ్యకపోవడం ఏంటి? అది కోపమా? కోపమైతే ఆ ముక్క రాసేవారు. మీరు కోపాన్ని దాచరు, ఇంకేదైనా ఉంటేనే దాస్తారు.

పర్సిస్ నాకు ఒక వస్తువు అప్పజెప్పింది. మీకు చేరాల్సిందే. కానీ ఒక షరతు పెట్టింది. మీరంతట మీరు ఒక సంగతి చెప్పేదాకా ఇవ్వకూడదంది. అదేమిటో నేను అడగను. అది అడగలేదు, నేనూ అడగను.

వేసవి అంతా ఉంది. రాయండి.

దేవకుమారి

*

ఫెరిన్ ద్వీపం
ఆగస్టు 10

వదిన గారికి,

రెండు నెలలు పట్టింది. ఎనిమిదిసార్లు మొదలుపెట్టాను.

ఆ ఓటు నాది.

పర్సిస్ పక్కన నిలబడి, ఆమె చూస్తుండగా, ఆమె సీసాలో గింజ వేశాను. మూడు రోజుల తర్వాత, నవంబరు ఐదు, ఉదయం ఎనిమిదీ పదికి, తెర వెనక ప్రెంటిస్ గారికి ఓటు వేశాను.

ఆమె గుండె కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. రెండేళ్ళ కిందట స్టెంట్ వేశారు. అసెంబ్లీ జనవరి నుంచి జూన్ దాకా నడుస్తుంది. వారంలో నాలుగు రోజులు రాజధానిలో. ఫెర్రీ దిగాక రెండు గంటల డ్రైవ్, మంచులో. తట్టుకోలేదనుకున్నాను. అది సగం నిజం.

మిగతా సగం ఇది. నేను రిటైరై, ఆమె ఉన్న చోట ఉండాలని ఈ ద్వీపానికి వచ్చాను. ఇక్కడ నాకు ఆమె తప్ప ఎవరూ లేరు. ఆమెకి అందరూ ఉన్నారు. నామినేషన్ కాగితాలు ఇచ్చేముందు నన్ను అడగలేదు. ఇచ్చాక చెప్పింది. "మంచిది" అన్నాను. ఆ మాట అన్న రోజు నుంచి ఓటు వేసే రోజు దాకా నా మనసులో ఏముందో ఆమెకి చెప్పలేదు. ఆమె కరపత్రాల అచ్చుతప్పులు దిద్దాను. చలిలో తిరిగొస్తే టీ పెట్టాను. అవన్నీ చేస్తూనే ఉన్నాను.

ఆమె పేరు పక్కన పెన్ను పెట్టి తీశాను. ఒక్క ఓటుతో ఏమవుతుంది అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. ఎలాగూ గెలుస్తుంది, నా "వద్దు" ఒక్క కాగితం మీదైనా ఉండనీ అనుకున్నాను.

రీకౌంట్ వద్దన్నప్పుడు నాకు ఊపిరి వచ్చింది. ఎందుకని అడగలేదు. మెరిల్‌ని అంటున్నప్పుడు ఆమె "ఆయన కాదు" అని ఊరుకునేది. మంచితనం అనుకున్నాను. నేను ఆ మాట కూడా అనలేదు. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అని నాలుగు నెలలు గడిపాను. తర్వాత చెప్పడానికి ఆమె లేదు.

ఇంకొకటి ఉంది. ఆమె పోయింది మంగళవారం. సమావేశాలు జరిగే రోజు. గెలిచి ఉంటే ఆ మధ్యాహ్నం రాజధానిలో ఉండేది. అసెంబ్లీకి పది నిమిషాల దూరంలో పెద్ద ఆసుపత్రి ఉంది. నేను మ్యాప్‌లో చూశాను. చాలాసార్లు చూశాను.

మీరు ఏమన్నా తీసుకుంటాను.

రత్నరాజు

*

క్యారీ
ఆగస్టు 24

రాజు గారికి,

మీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మొదటి మూడు రోజులు మీతో మాట్లాడకూడదనుకున్నాను. నాలుగో రోజు పర్సిస్ అప్పజెప్పిన ఈ కవరు బీరువాలోంచి తీశాను. దీనితో పాటు పెడుతున్నాను. మీరు ఇది చదవడానికి ముందు కూర్చోండి.

"నవంబరు 10, ఆదివారం

అక్కా,

నువ్వు ఫోన్‌లో అరిచిన అరుపుకి మా రేవులో పక్షులన్నీ లేచిపోయాయి. రీకౌంట్ ఎందుకు వద్దన్నానో ఒక్కదానికే చెప్తున్నాను. ఫెబీకి కూడా చెప్పకు.

ఇక్కడ ఓట్లు చేత్తో లెక్కపెడతారు. ఎవరైనా బెంచీ మీద కూర్చుని చూడొచ్చు. నేను ముందు బెంచీలో కూర్చున్నాను, పెళ్ళిచూపులప్పటి చీర కట్టుకుని, పైన పెద్ద కోటు. టౌన్ క్లర్క్ ఒక్కో కాగితం ఎత్తి మా వైపు తిప్పి పేరు చదువుతోంది. అరవై దాకా బాగానే ఉంది. అప్పుడు ఒకటి ఎత్తింది. ప్రెంటిస్ అని చదివింది. పేరు పక్కన గుండ్రం నిండా నలుపు, అంచు దాటలేదు. దానికి కుడిపక్కన చుక్క.

మన ఆవగింజ, అక్కా. నా మందుల పట్టీ మీద, కొట్టు చీటీ మీద, పెళ్ళి శుభలేఖ ప్రూఫు మీద కూడా పెట్టిన చుక్క. సరిచూశాను, ఇదే నా జవాబు అని. నాకు తెలియదా? ఆయన పెట్టానని కూడా ఎరగరు, చెయ్యి తిరిగిపోయింది అంతే.

చాలా కోపం వచ్చింది. ఇంటికెళ్ళి ఆ పెన్ను సముద్రంలో విసిరేద్దామనుకున్నాను. వెళ్తే నిమ్మకాయ పులిహోర చేసి కూర్చున్నారు. గెలిచినా ఓడినా ఆకలేస్తుంది కదా అన్నారు. తిన్నాను. ఉప్పు ఎక్కువైంది, చెప్పలేదు.

రీకౌంట్ అడిగితే రెండు పక్షాల లాయర్లూ కూర్చుని ఒక్కో కాగితం దీపం కింద పెట్టి చూస్తారు. ఈ చుక్క ఏంటి, ఎవరిది, ఈ ఓటు చెల్లుతుందా అంటారు. నేనేం చెప్పను? నా మొగుడిదండీ, కొట్టెయ్యండి అనా? అలా గెలిచి అసెంబ్లీలో ఏ మొహంతో కూర్చోను?

తప్పు నాది కూడా. ఫెర్రీలో కనబడ్డ ప్రతివాళ్ళనీ నిలబడనా అని అడిగాను. ఇంట్లో ఉన్న మనిషిని అడగలేదు. వద్దంటారని భయం. "మంచిది" అన్నప్పుడు ఆయన గొంతు నాకు వినబడింది. వినబడనట్టు ఊరుకున్నాను.

పాపం మెరిల్‌ని ఆడిపోసుకుంటున్నారు. ఆయన కాదంటే మరెవరంటారు. అందుకని వారం వారం ఏదో ఒకటి వండి పట్టుకెళ్తాను. నేనే వెళ్ళి ఆయన బల్ల దగ్గర కూర్చుంటే జనం చూసి ఊరుకుంటారేమో. మా ఇంటి తప్పుకి నేను చెయ్యగలిగింది ఇంతే.

ఆయన్ని మాత్రం అడగను. అడిగి చెప్పించుకుంటే అది చెప్పినట్టు కాదు. చెప్తారు. లెక్క తప్పితే అన్నం సహించని మనిషి. క్రిస్మస్ లోపల చెప్తారు చూడు. చెప్పాక నాలుగు తిట్టి, మళ్ళీ పులిహోర చేయిస్తాను.

నాకేమైనా అయితే, ఆయనంతట ఆయన నీతో చెబితేనే ఈ ఉత్తరం ఇవ్వు. చెప్పకపోతే చించెయ్యి. ఊరికే ఆయన్ని బాధపెట్టొద్దు.

నీ
పర్సి"

ఇదీ. ఏప్రిల్‌లో నేను ఏమీ తెలియనట్టు అడిగింది, మీకు చెప్పడానికి ఒక సందు ఇద్దామనే. ఫిబ్రవరిలో దానికి ఫోన్ చేసినప్పుడు "చెప్పారా?" అని అడిగాను. "ఇంకా లేదక్కా. ఈస్టర్‌కి చూద్దాం" అంది.

నా తప్పూ ఉంది. నవంబరులోనే ఒక్కసారి మీకు ఫోన్ చేసి "బాబూ, దాని దగ్గర కూర్చుని ఉన్నది చెప్పు" అంటే అయిపోయేది. ఒట్టు వేశానని నోరు మూసుకున్నాను. నా జీవితంలో నోరు మూసుకున్నది అదొక్కసారే.

మీరు వేసిన ఓటుని నేను క్షమించాను. అది నాకు అంత కష్టం కాలేదు, అదే ముందు క్షమించింది కాబట్టి. ఆసుపత్రి పది నిమిషాల దూరం అని రాశారు. దాన్ని ప్రార్థనలో పెడుతున్నాను.

కానీ మెరిల్ సంగతి ఏం చేస్తారు? పర్సిస్‌తో చెప్పడానికి ఇక వీల్లేదు. ఆయన బతికే ఉన్నాడు.

దేవకుమారి

*

ఫెరిన్ ద్వీపం
సెప్టెంబరు 14, ఆదివారం

వదిన గారికి,

ఉత్తరం అందింది. మీరు చెప్పినట్టు కూర్చుని చదివాను. ఆమె కూర్చున్న ఆ కుర్చీలో.

చుక్క పెట్టినట్టు నాకు గుర్తు లేదు. ఆమె చెప్పింది కాబట్టి పెట్టే ఉంటాను.

పడవలో "మీరేమైనా చెప్తారా?" అని ఆమె అడిగింది దీని గురించేనని ఇప్పుడు అనుకుంటున్నాను. కాదేమో కూడా. నిజంగా ప్రార్థనే అడిగి ఉండొచ్చు. తేల్చుకోవడానికి వీలు లేదు. కీర్తన చెప్పాను. అది చాలా పొడవు కూడా కాదు. ముందో వెనకో ఒక్క వాక్యానికి చోటుంది.

పులిహోరలో ఉప్పు ఎక్కువైందని నాకూ తెలుసు. ఆమె రెండోసారి వడ్డించుకుంది.

మెరిల్ ఇల్లు పోయిన వారం అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు వేసవికి మాత్రమే వస్తారట. మేనకోడలు ఉన్న ఊరికి వెళ్ళిపోతున్నాడు. శుక్రవారం కొట్టు ముందు బోర్డు మీద పడవ అమ్మకం కాగితం అంటించి ఉంది. ఎవరో దాని మీద పెన్సిల్‌తో గింజ బొమ్మ గీశారు. నేను చూసి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, చెరిపేశాను. ఇంటికొచ్చాక, ఎవరూ లేరని ఎందుకు చూసుకున్నానా అనిపించింది.

ఇవాళ చర్చిలో లేచి చెప్దామని వెళ్ళాను. ఆరాధన అయ్యాక ఎవరైనా మాట్లాడొచ్చు. వెనక బెంచీలో మెరిల్ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఆయన లేని చోట చెబితే మళ్ళీ వెనకాల చెప్పినట్టే. కూర్చుండిపోయాను. ఇది సాకు అని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. అందుకే ఈ ఉత్తరం ఇవాళే రాసి, ఇవాళే పోస్టు డబ్బాలో వేస్తున్నాను. వేశాక వెనక్కి తీసుకోలేను.

చెప్తే ఇక్కడ నాకు ఏమవుతుందో తెలియదు. పర్సిస్ సమాధి ఇక్కడే ఉంది, కాబట్టి ఎక్కడికీ వెళ్ళను. మెరిల్ ఆగుతాడో లేదో తెలియదు. ఇల్లు అమ్మేశాడు, ఆగమని అడిగే హక్కు నాకు లేదు. మా మేడ మీద గది ఖాళీగా ఉందని మాత్రం చెప్తాను.

ఇంగ్లీషులో రాసి చూసుకున్నాను. మొదట ఒక పేజీ వచ్చింది. ఆమె ఆరోగ్యం, రాజధాని దూరం అన్నీ వచ్చాయి. కొట్టేస్తూ పోతే ఒక్క వాక్యం మిగిలింది.

మెరిల్ వెళ్ళేది సోమవారం ఏడు గంటల ఫెర్రీకి. టపా ఆ పడవలోనే వస్తుంది కాబట్టి సగం ద్వీపం రేవులో ఉంటుంది. రేపు ఉదయం ఆరున్నరకి వెళ్తాను. ఆయన పెట్టెలు ఎక్కించే లోపు, ఆయన ఎదురుగా నిలబడి, అందరికీ వినబడేలా, నూట పద్దెనిమిదో గింజ నాదని చెప్తాను. ఆ తర్వాత ఆయన డబ్బా ఇస్తే తీసుకుంటాను.

రత్నరాజు